యుగ సావనదినసంఖ్య 1,57,79,17,500 – గణితపరీక్ష

ఉపోద్ఘాతము

జ్యౌతిషమున గ్రహగణితమునకెల్ల మూలము యుగభగణములు. ఒక మహాయుగమున సూర్యచంద్రాది గ్రహములు ఎన్ని మారులు భచక్రమును చుట్టునో చెప్పి, ఆ యుగమునకు సావనదినములెన్నియో నిర్ణయించినపుడే ఇష్టదినమున గ్రహమధ్యమము సాధ్యమగును. త్రైరాశికమున గ్రహభగణములు గుణకస్థానమున నిలుచును. దినసంఖ్య హారస్థానమున నిలుచును. గుణకములు గ్రహమునకొకటి చొప్పున మారుచుండును. హారము మాత్రము అన్నిటికిని ఒక్కటే. కావున ఆ ఒక్క సంఖ్యయందు ఒక్క అంకము తప్పినను సర్వగ్రహములును తప్పును.

ఆర్యభటీయమున ఈ హారము 1,57,79,17,500. అనగా నూటయేబదియేడు కోట్ల డెబ్బదితొమ్మిది లక్షల పదునేడువేల అయిదువందల దినములు. అదే ఆచార్యుని అర్ధరాత్రికతంత్రమున ఈ సంఖ్య 1,57,79,17,800 అని ప్రసిద్ధి. బ్రహ్మగుప్తుని బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున (క్రీ.శ. 628) 1,57,79,16,450. నేడు ప్రచారమున నున్న సూర్యసిద్ధాంతమున 1,57,79,17,828. కోట్ల సంఖ్యయందు ఇంత అల్పభేదము చూచి, చివరి మూడు అంకములు లేఖకప్రమాదమువలన మారియుండునేమో అని శంక కలుగుట సహజము. ఈ సంఖ్యను గణితముచే విడదీసి పరీక్షించినచో ఆ శంకకు సమాధానము సంఖ్యయందే లభించును. దానిని క్రమముగా నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

1. అక్షరసంజ్ఞ నుండి సంఖ్యానిష్పత్తి

గీతికాపాదమున ఆచార్యుడు సావనదినములను నేరుగా చెప్పలేదు. భూమికి యుగమునందలి ప్రాగ్భ్రమణముల సంఖ్యను చెప్పెను. ఆతని పద్ధతిలో క మొదలు మ వరకు గల వర్గాక్షరములకు 1 మొదలు 25 వరకు విలువలు. య ర ల వ శ ష స హ లకు క్రమముగా 30, 40, 50, 60, 70, 80, 90, 100. స్వరములు స్థానసూచకములు: అ కారము 1, ఇ కారము 100, ఉ కారము 10,000, ఋ కారము పది లక్షలు, ఌ కారము పది కోట్లు.

భూభ్రమణసంఖ్యను తెలుపు పదము ఐదు ఖండములుగా నున్నది. ఙి అనగా 5 × 100 = 500. శి అనగా 70 × 100 = 7,000. బు అనగా 23 × 10,000 = 2,30,000. ణౢ అనగా 15 × 10,00,00,000 = 1,50,00,00,000. ఖ్షృ అనగా (2 + 80) × 10,00,000 = 8,20,00,000. వీని సంకలనము 1,58,22,37,500. తుది ఖండమున ఖ, ష లలో ఏది ముందు వచ్చినను విలువ మారదు. రెండింటికిని స్వరమొక్కటే కదా. రవిభగణములకు ఖ్యుఘృ అని సంజ్ఞ: 20,000 + 3,00,000 + 40,00,000 = 43,20,000.

భూమి ఒక వర్షమున నక్షత్రముల నపేక్షించి చేయు భ్రమణములు, సూర్యోదయముల సంఖ్యకంటె ఒక్కటి అధికము. యుగమునకు ఈ ఆధిక్యము రవిభగణతుల్యము. కావున

1,58,22,37,500 – 43,20,000 = 1,57,79,17,500.

ఇదియే సావనదినసంఖ్య. గీతికయందలి వేరొక పాదమున భూః అను పాఠమునకు భం అను పాఠాంతరము కలదు. భూమి తిరుగునని యన్నను, నక్షత్రమండలము తిరుగునని యన్నను ఈ వ్యవకలనము మారదు. సాపేక్షగతి రెండింటను సమానము. ఆ పాఠవివాదమునకు ఈ సంఖ్య సాక్ష్యమీయజాలదు. సంఖ్య దేనికి సాక్ష్యమిచ్చునో, దేనికి ఈయదో మొదటనే వేరుచేసికొనుట పరీక్షకునికి అవసరము.

2. వర్షమానము

దినసంఖ్యను 43,20,000 చే భాగింపగా లబ్ధి 365, శేషము 11,17,500. శేషహారములను 7,500 చే అపవర్తింపగా 149/576 అగును. ఈ భిన్నమును ఘటికలుగా మార్చినచో 15 ఘటికలు, 31 విఘటికలు, 15 పరలు వచ్చి శేషము లేకుండ ముగియును. అనగా వర్షమానము 365 దినములు 15 ఘటికలు 31 విఘటికలు 15 పరలు. గంటలలో 365 దినములు 6 గంటల 12 నిమిషముల 30 సెకనులు. తమిళ కేరళ దేశముల వాక్యగణితమున వాడుకయందున్న వర్షమానము ఇదియే.

అర్ధరాత్రికమున 365–15–31–30 అగును. బ్రహ్మగుప్తుని మతమున 365–15–30–22½. ఆంధ్రదేశపు సంప్రదాయ పంచాంగకర్తలకు చిరపరిచితమైన సూర్యసిద్ధాంతమానము 365–15–31–31, పైన 24 ప్రతిపరలు.

నేటి ఖగోళశాస్త్రము నాక్షత్రసౌరవర్షమును 365 దినములు 6 గంటల 9 నిమిషముల 10 సెకనులని గణించుచున్నది. ఆర్యభటమానము దానికంటె 3 నిమిషముల 20 సెకనులు, అనగా 200 సెకనులు, అధికము. దినమునకు 86,400 సెకనులు. కావున 432 వర్షములకు ఒక దినము చొప్పున భేదమేర్పడును. ఈ దోషమును దాచనక్కరలేదు. ఇదే సంఖ్యనుండి లభించు భూభ్రమణకాలము మాత్రము సూక్ష్మతరము: 86,400 సెకనులను 2,10,389 చే గుణించి 2,10,965 చే భాగింపగా 23 గంటల 56 నిమిషముల 4.1 సెకనులు. నక్షత్రసాపేక్షమైన నేటి మానమును 4.1 సెకనులే. వర్షమున 200 సెకనుల దోషమున్నను అది 366 భ్రమణములకు పంచబడుటయు, ఆ దోషము వర్షదినములయందును భ్రమణసంఖ్యయందును సమానముగా చేరుటయు ఈ సూక్ష్మతకు హేతువులు.

3. ఖండములు – అపవర్తనములు

సంఖ్యను దృఢఖండములుగా విడదీసినచో ఇట్లగును:

1,57,79,17,500 = 2² × 3 × 5⁴ × 61 × 3449.

ఇందు 3449 కి ఒకటియు తానును తప్ప వేరు భాజకము లేదు. మొదటి మూడు ఖండముల గుణకారము 7,500. తుది రెండింటి గుణకారము 2,10,389. మొత్తము భాజకములు 120.

ఏ గ్రహభగణములను ఈ సంఖ్యతో ఏ మహత్తమాపవర్తకముచే అపవర్తింపవలెనో, అపవర్తితములైన దృఢభగణ దృఢదినములెవ్వియో క్రింద చూపబడుచున్నవి. బుధశుక్రులకు శీఘ్రోచ్చభగణములు గ్రాహ్యములు.

రవి: 43,20,000, అపవర్తకము 7,500, దృఢములు 576, 2,10,389.
చంద్రుడు: 5,77,53,336, అపవర్తకము 732, దృఢములు 78,898, 21,55,625.
కుజుడు: 22,96,824, అపవర్తకము 12, దృఢములు 1,91,402, 13,14,93,125.
బుధుడు: 1,79,37,020, అపవర్తకము 20, దృఢములు 8,96,851, 7,88,95,875.
గురుడు: 3,64,224, అపవర్తకము 12, దృఢములు 30,352, 13,14,93,125.
శుక్రుడు: 70,22,388, అపవర్తకము 12, దృఢములు 5,85,199, 13,14,93,125.
శని: 1,46,564, అపవర్తకము 4, దృఢములు 36,641, 39,44,79,375.

చంద్రుని అపవర్తకమగు 732 నందు 4, 3, 61 అను మూడు ఖండములున్నవి. 61 వంటి పెద్ద ఖండము చంద్రభగణములయందును దినసంఖ్యయందును కలిసియుండుటచే చంద్రుని హారము మిక్కిలి లఘువైనది. అన్ని అపవర్తకములయందును 4 కలదు. ఇది ప్రధానలక్షణము. యుగమును నాలుగు సమపాదములుగా విభజించినచో ప్రతిపాదాంతమున సప్తగ్రహములును పూర్ణభగణములు ముగించి మేషాదిని చేరును. ఆ పాదమునకు దినములును పూర్ణములే: 39,44,79,375. కావున పాదాది మొదట లంకలో సూర్యోదయమున నున్నచో తరువాతి పాదాదియు సూర్యోదయముననే యుండును.

ఇంతకంటె ముందు ఈ సమాగమము కలుగునా అని విచారింపదగును. శనిభగణములను 4 చే భాగింపగా వచ్చిన 36,641 బేసి సంఖ్య. 3, 5 లచే భాజ్యము కాదు. రవిభగణములయందు 2, 3, 5 లు తప్ప వేరు ఖండములు లేవు. కావున రవిశనులిరువురికి సామాన్యమైన అపవర్తకము 4 కంటె అధికము కాజాలదు. సప్తగ్రహసమాగమమునకు కనిష్ఠకాలము యుగపాదమే యని సిద్ధించినది. పాదములను నాలుగింటిని సమములుగా చేసినందుకు స్మృతివిరోధమని బ్రహ్మగుప్తుడు ఆర్యభటుని ఆక్షేపించెను. స్మృతులయందు కృతాదులు 4, 3, 2, 1 అనుపాతమున నున్నవి. గ్రహసంఖ్యల స్వభావమును బట్టి చూచినచో సమపాదవిభాగమునకు గణితకారణము స్పష్టము. బ్రహ్మగుప్తుని దినసంఖ్యను 4 చే భాగింపగా 39,44,79,112½ వచ్చును. ఆతని తంత్రమున సమపాదములకు ప్రసక్తి లేదు గనుక పూర్ణత ఆవశ్యకము కాలేదు. ఆతనికి కావలసినది దశాంశమగు కలియుగము. 15,77,91,645 అని అది పూర్ణముగనే లభించుచున్నది.

చంద్రోచ్చభగణములు 4,88,219, రాహుభగణములు 2,32,226. ఇవి 4 చే భాజ్యములు కావు. మూడు పాదములు గడచి కల్యాది వచ్చుసరికి చంద్రోచ్చము 3,66,164¼ భగణములు, రాహువు 1,74,169½ భగణములు చేసియుండును. కావుననే కల్యాదియందు చంద్రోచ్చమునకు మూడు రాశులు, రాహువునకు ఆరు రాశులు ధ్రువమని చెప్పుదురు. ఈ ధ్రువములు వేరుగా కంఠస్థము చేయవలసినవి కావు. భగణసంఖ్యలనుండి తామే వచ్చును.

4. కుట్టాకారమున దృఢహారము

దృఢసంఖ్యల ప్రయోజనము కుట్టాకారమున స్పష్టపడును. మహాభాస్కరీయకర్తయగు భాస్కరుడు రవికుట్టాకారమునకు 576, 2,10,389 అను ఈ దృఢములనే గ్రహించెను. ప్రశ్నస్వరూపమిది: రవిమధ్యమము తెలిసినపుడు అహర్గణమెంత? ఆహర్గణమును 576 చే గుణించి, 2,10,389 చే భాగింపగా లబ్ధి గతభగణములు, శేషము వర్తమానభగణభాగము. శేషము తెలిసి అహర్గణము తెలియనపుడు విలోమముగా పోవలెను.

మొదట శేషము 1 అనుకొని స్థిరకుట్టాకారము సాధింపవలెను. పరస్పరభాగహారమున 2,10,389 ని 576 చే భాగింపగా లబ్ధి 365, శేషము 149. 576 ను 149 చే భాగింపగా 3, శేషము 129. తరువాత క్రమముగా లబ్ధులు 1, 6, 2, 4. శేషములు 20, 9, 2, 1. సంప్రదాయవల్లిలో అడుగునుండి పైకి గుణించుచు పోవుదురు. పైనుండి క్రిందికి పోయినను ఫలమొక్కటే: ప్రతి లబ్ధిచే పూర్వసంఖ్యను గుణించి దానికి పూర్వమున్న సంఖ్యను కలుపవలెను. అట్లు చేయగా దినములు 365, 1096, 1461, 9862, 21185, 94602 అనియు, వాని కెదురుగా వర్షములు 1, 3, 4, 27, 58, 259 అనియు వచ్చును.

ఇందు మూడవ జంట గమనింపదగినది. నాలుగు వర్షములకు 1461 దినములు, అనగా వర్షమునకు 365¼ దినములు. స్థూలమానము సూక్ష్మమానమునకు పోవు దారిలో ఒక మెట్టుగా వల్లియందే కనబడుచున్నది. కడపటి జంటను పరీక్షించినచో

576 × 94,602 = 5,44,90,752; 2,10,389 × 259 = 5,44,90,751.

భేదము 1. కావున స్థిరగుణకారము 94,602. ఇష్టశేషమును దీనిచే గుణించి 2,10,389 చే తష్టము చేయగా మిగిలినది అహర్గణము.

ఉదాహరణము. రవిమధ్యమము 8 రాశుల 25 అంశల 36 కలలు. దానికి భగణశేషము 1,55,222 అనుకొందము. 1,55,222 × 94,602 = 14,68,43,11,644. దీనిని 2,10,389 చే భాగింపగా లబ్ధి 69,796, శేషము 1,000. కావున అహర్గణము 1,000. విలోమపరీక్ష: 1,000 × 576 = 5,76,000; 2,10,389 చే భాగింపగా లబ్ధి 2, శేషము 1,55,222. ప్రశ్నయు ఉత్తరమును కలిసినవి. ఇంత చిన్న గణనచే ఫలము లభించుటకు హేతువు దినసంఖ్యయు రవిభగణములును 7,500 చే అపవర్తింపబడుటయే. సూర్యసిద్ధాంతపు 1,57,79,17,828 ని రవిభగణములతో అపవర్తింపబోయినచో 4 మాత్రమే సామాన్యభాజకము. హారము 39,44,79,457 గా నిలిచి శిష్యుని బాధించును.

ఈ ఉత్తరమునకు 2,10,389 ని ఒకటి, రెండు, మూడు మారులు కలుపుచు పోయినను శేషము మారదు. అప్పుడు వారము సాయపడును. 2,10,389 ని 7 చే భాగింపగా శేషము 4. అనగా 576 వర్షములకు సూర్యుడు సూర్యోదయమున మేషాదిని మరల చేరునుగాని వారము నాలుగు దాటును. వారమును కలియుటకు ఏడింతలు, 14,72,723 దినములు, అనగా 4032 వర్షములు కావలెను. కల్యాదియందు శుక్రవార సూర్యోదయమున మధ్యమమేషసంక్రమణము. గతకలి 4032, అనగా క్రీ.శ. 931 న ఆ చక్రము మొదటిసారి పూర్తియైనది.

5. వారగణన – కల్పాది

యుగపాదదినములగు 39,44,79,375 ని 7 చే భాగింపగా శేషము 3. యుగమునకు శేషము 5. ఆర్యభటమతమున మనువునకు 72 యుగములు, కల్పమునకు 14 మనువులు. కావున కల్పమున 1008 యుగములు. 1008 ఏడింటిచే నిశ్శేషముగా భాగింపబడును. దినసంఖ్య యేదైనను ప్రతికల్పమును ఒకే వారమున ఆరంభమగును. స్మృతులయందలి వేయి యుగముల సంఖ్యకు ఈ గుణము లేదు.

కల్పాది వారమేది? కల్యాదికి ముందు ఆరు మనువులు, 27 యుగములు, మూడు పాదములు గడచినవని గీతికాపాదము. 6 × 72 + 27 = 459 యుగములు; పాదములు 459 × 4 + 3 = 1839. ఏడింటిచే తష్టము చేయగా 5. పాదశేషమగు 3 చే గుణింపగా 15. మరల తష్టము 1. కల్పాదినుండి కల్యాదికి వారము ఒకటి మాత్రమే జరిగినది. భారతగురువారము గడచి శుక్రవారమున కల్యాది. కావున కల్పాది గురువారము.

ఈ గురువారమే తంత్రపరీక్షాధ్యాయమున బ్రహ్మగుప్తుని ఆక్షేపములలో నొకటి. కల్పాది ఆదివారము కావలెనని ఆతని మతము. ఆతని సంఖ్యలచే అది కుదురును: కల్పాదినుండి కల్యాదికి 4567 కలియుగప్రమాణములు, ఒక్కొక్క దాని దినశేషము 4, 4567 తష్టము 3, గుణకారము 12, తష్టము 5, ఆదివారమునకు అయిదు కలుపగా శుక్రవారము. ఇరువురి కల్పాదులు వేరు, యుగవిభాగములు వేరు, దినసంఖ్యలు వేరు. కల్యాదివారమున మాత్రము ఇరువురును ఏకీభవించిరి.

6. ‘500’, ‘800’ – పాఠభేదమా, మతభేదమా?

ఉపోద్ఘాతమున చూపిన శంక ఇచట తీరవలెను. ఆర్యభటుని అక్షరపద్ధతిలో 5 కు ఙ, 8 కి జ. ఙి స్థానమున జి అని పడినచో 500 కు మారుగా 800 వచ్చును. కావున 1,57,79,17,800 అను సంఖ్య లేఖకదోషమున పుట్టినదని ఎవరైనను పూర్వపక్షము చేయవచ్చును.

దీనికి సమాధానము. ఆర్యభటుడు కలి 3600 వర్షములు గడచునప్పటికి తనకు 23 ఏండ్లని చెప్పెను. అది క్రీ.శ. 499. యుగమున 3600 వర్షములు 1200 వ వంతు. ఆర్యభటీయసంఖ్యను 1200 చే భాగింపగా 13,14,931¼ దినములు. ఇచట కల్యాది శుక్రవార సూర్యోదయము. సూర్యోదయమునకు పాదదినము కలుపగా మధ్యాహ్నము. అర్ధరాత్రికసంఖ్యను 1200 చే భాగింపగా 13,14,931½. అచట కల్యాది గురుశుక్రవారముల నడిమి అర్ధరాత్రము. అర్ధరాత్రమునకు అర్ధదినము కలుపగా మరల మధ్యాహ్నమే. 13,14,931 ని 7 చే భాగింపగా శేషము 2. శుక్రవారమునకు రెండు కలుపగా ఆదివారము. రెండు తంత్రములును క్రీ.శ. 499 మార్చి 21, ఆదివారము, లంకామధ్యాహ్నమున ఒక్క బిందువున కలియుచున్నవి.

ఆరంభమున పాదదినభేదము; 3600 వర్షములకు ఆ భేదము పోవలెను; యుగమునకు అట్టి 1200 భాగములు; 1200 × ¼ = 300. ఐదువందలకును ఎనిమిదివందలకును గల అంతరము సరిగా ఇంతయే. లేఖకుని చేయి జారినందున ఇట్టి సంవాదము కలుగజాలదు. రెండు సంఖ్యలును బుద్ధిపూర్వకముగా నిర్మింపబడినవి. ఒకటి ఉదయారంభమునకు, మరియొకటి అర్ధరాత్రారంభమునకు. రెండింటికిని ఆధారభూతమైన కాలము ఆచార్యుని జీవితకాలమే. సంఖ్య యుగమంత దీర్ఘమైనను దానిని బిగించిన చీల క్రీ.శ. 499 నాటిది.

మరియొక పరీక్ష. 1839 పాదముల గణననే 1,57,79,17,800 కు వర్తింపజేసినచో పాదశేషము 1, తష్టఫలము 5. శుక్రవారమునుండి అయిదు వెనుకకు పోగా ఆదివారము వచ్చును. ఆర్యభటీయమున కల్పాది గురువారమని బ్రహ్మగుప్తుడు ఆక్షేపించెను గనుక ఆతడు చూచిన ప్రతియందు 500 అనియే యుండెనని తేలుచున్నది. ఆచార్యునకు 130 ఏండ్ల తరువాతివాడైన ఖండనకర్త యొక్క దూషణము నేడు మూలపాఠమునకు రక్షణమైనది.

7. ఇతరాక్షరములకు పరీక్ష

ఇదే న్యాయమును తక్కిన అక్షరములకును వర్తింపజేయవచ్చును. దేవనాగరలేఖనమున బ, వ లకు భేదము స్వల్పము. బు స్థానమున వు అని చదివినట్లు భావించి చూచినచో 2,30,000 పోయి 6,00,000 వచ్చును. సావనదినములు 1,57,82,87,500 అగును. 4 చే భాగించు పరీక్షయందు ఈ దోషము పట్టుబడదు. పాదదినములు 39,45,71,875 అని పూర్ణముగనే యుండును. వారపరీక్షయందు పట్టుబడును: పాదశేషము 5, కల్పాది సోమవారము. అపవర్తనపరీక్షయందును పట్టుబడును: రవిదృఢములు 1728, 6,31,315 అగును, భాస్కరుని 576, 2,10,389 లతో విరోధము. 499 నాటి మధ్యాహ్నపరీక్షయందు 308 దినములకు పైగా భేదము పడును. ఒక పరీక్ష తప్పినను వేరొకటి దోషమును చూపును. కావున ఏ యొక్క పరీక్షను నమ్మియు పాఠమును స్థిరపరుపరాదు. అన్నిటి సంవాదమే ప్రమాణము.

ఉపసంహారము

పైన చూపిన విచారమువలన తేలిన విషయములు ఇవి. 1,57,79,17,500 అను సంఖ్య నాలుగింటిచే భాజ్యమై సమపాదయుగమును నిలుపుచున్నది. 7,500 చే రవిభగణములతో అపవర్తితమై కుట్టాకారమును సులభము చేయుచున్నది. ఏడింటిచే అయిదు శేషించి కల్పాది గురువారమును, కల్యాది శుక్రవారమును కూర్చుచున్నది. 1200 చే భాగింపబడి క్రీ.శ. 499 నాటి మధ్యాహ్నమును చూపుచున్నది. ఈ నియమములన్నియు ఒక్క సంఖ్యయందు సమన్వయించుటచే దాని పాఠము దృఢము.

ఆ సంఖ్య చెప్పు వర్షమానము నేటి మానముకంటె 200 సెకనులు ఎక్కువ యనుటయు అంతే సత్యము. పాఠము శుద్ధమైనంత మాత్రమున మానము సూక్ష్మమనరాదు. మానము స్థూలమైనంత మాత్రమున పాఠమును దిద్దరాదు. పూర్వాచార్యులు బీజసంస్కారమును వేరుగా చేసి మూలసంఖ్యను మూలముగనే ఉంచిరి. సిద్ధాంతగ్రంథములను ముద్రణకు సిద్ధపరచువారు తాళపత్రములయందలి అక్షరములను పోల్చుటతో తృప్తిపడక, ప్రతి భగణసంఖ్యకును అపవర్తనము, వారగణన, ధ్రువసాధన అను మూడు పరీక్షలను చేసిచూచుట యుక్తము. విద్యార్థులకు ఈ గణనలను పలకమీద చేయించినచో, సంజ్ఞాపదములు కంఠస్థములగుటతోపాటు వానియందలి అర్థమును వారి వశమగును.